బొమ్మ ముందా, డప్పు ముందా?

మా బోథ్ చుట్టుపట్ల గోండు గూడేలలో దీపావళికి ముందు దండారి సాగుతుంది. నెమలిపింఛాల టోపీ, ఒంటినిండా బూడిద, చేత కర్ర, కాళ్లకు గజ్జెలు ధరించి గుస్సాడీలు ఊరూరా తిరిగి ఆడుతారు. నా పూర్వవిద్యార్థి ఒకడు కిందటి దండారిలో ఆ ఆటను సెల్‌ఫోనుతో చిత్రించి, తొమ్మిది నిమిషాల చిన్న చిత్రంగా కూర్చుకొన్నాడు. దానికి తానే కంప్యూటరులో నేపథ్యసంగీతం సమకూర్చి, ఒకనాటి సాయంత్రం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఛందస్సు చెప్పిన పంతులుకు లయ కూడా తెలిసి ఉంటుందని వాని నమ్మకం.

"సార్, సాఫ్టువేరుల చూస్తే అంత సక్కగనే ఉంటది. వీడియోతోని కలిపినంక మాత్రం రానురాను డప్పు ముందట పడుతున్నది, కాలు ఎనుక పడుతున్నది. నాలుగుసార్లు జేసిన, గంతే. జర చూడుండ్రి" అన్నాడు.

చూశాను. మొదటి రెండు నిమిషాలు ముచ్చటగా ఉన్నది. ఆపైన గుస్సాడి కాలెత్తి ఉండగానే దెబ్బ వినిపిస్తున్నది. చివరికి వచ్చేసరికి డప్పు ఒక ఊరిలో, ఆట ఒక ఊరిలో! వాడు మంచి పనివాడే. లెక్క తప్పేవాడు కాదు. మరి తప్పు ఎక్కడున్నది? ఆ చిక్కుముడి విప్పబోయి నేను నెల్లాళ్లు చదువుకొన్న సంగతులను మిత్రులతో పంచుకొందామని ఈ టపా.

మన పాత ప్రదర్శనకళలలో ఈ సమస్యే లేదు. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేవాడే పాడుతాడు; కాలి కింద చెక్కను తొక్కి తానే చప్పుడు చేస్తాడు. ఒగ్గుకథలో డోలువాడు కథకుని మోమును చూస్తూ వాయిస్తాడు. దండారిలోనైతే తుడుం వాయించేవాని చూపు గుస్సాడి పాదం మీద, గుస్సాడి చెవి తుడుం మీద ఉంటాయి. ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో చెప్పలేము. చూపరికి అవసరమూ లేదు.

మూకీల కాలంలోనూ ఆ బంధం పూర్తిగా తెగలేదు. రఘుపతి వెంకయ్య గారి సంస్థ 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీసిన రోజులలో తెర ముందు హార్మోనియం, తబలా పెట్టుకొని కూర్చున్న వాద్యగాళ్లు బొమ్మను చూస్తూ వాయించేవారు. అప్పటికి చాలా ముందే, 1908లో, ఫ్రాన్సులో సెయింట్‌సాన్స్ అనే పేరుమోసిన స్వరకర్త ఒక చిన్న చిత్రానికి ప్రత్యేకంగా సంగీతం రాసి ఇచ్చాడు; సినిమా కోసం పేరున్న విద్వాంసుడు రాసిన తొలి కూర్పుగా దానిని చెప్పుకొంటారు. కాని వాయించేవారు అక్కడా మనుషులే. చేతితో తిప్పే కెమెరాలు, ఇష్టం వచ్చిన వేగంతో నడిచే ప్రొజెక్టర్లు. బొమ్మ వేగం పెరిగితే వాద్యమూ పరుగెత్తేది.

1931లో 'ఆలం ఆరా', 1932లో మన 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. మాట వచ్చిన నాటి నుండి బొమ్మ వేగం సెకనుకు 24 ఫ్రేములుగా కుదిరిపోయింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సెకనుకు రెండు బొమ్మలు ఎక్కువైనా తక్కువైనా కంటికి పెద్ద బాధ లేదు. చెవి అట్లా కాదు. వేగం కాస్త మారితే శ్రుతి మారుతుంది, గొంతు మారుతుంది. ఫిల్ముకు స్థిరమైన కాలప్రమాణాన్ని విధించినది శబ్దమే. సినిమాకు కాలాన్ని చెవి నేర్పింది అంటే అతిశయోక్తి కాదనుకొంటాను.

ఆ లెక్కను ఇక్కడే చెప్పేస్తాను. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. సెకనుకు 24 కనుక నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు పైచిలుకు. పాతతరం సంగీతదర్శకులు, ఎడిటర్లు కాలాన్ని అడుగులలో చెప్పుకొనేవారు: "ఇక్కడ పద్దెనిమిది అడుగులు వీణ చాలు" అంటే పన్నెండు సెకన్లు అన్నమాట. (పద్యపాదాలను, సినిమాను ఒకే కొలమానంతో, 'అడుగు'తో కొలవడం తెలుగువాడికి దక్కిన భాగ్యం!)

ఫిల్ముపై మరొక విచిత్రం ఉన్నది. బొమ్మ పక్కనే అచ్చువేసిన శబ్దరేఖ ఆ బొమ్మకు చెందినది కాదు. చూపవలసిన బొమ్మ గవాక్షం ముందు క్షణకాలం ఆగి ఆగి కదలాలి; శబ్దరేఖ మాత్రం ఎక్కడా ఆగకుండా జారిపోవాలి. ఆగుతూ నడిచేదీ, ఆగక నడిచేదీ ఒకే చోట ఉండడం సాధ్యం కాదు. అందుకని శబ్దాన్ని చదివే దీపాన్ని కొంత దూరంగా పెట్టి, బొమ్మకు దాదాపు 20 ఫ్రేముల ముందుగా దాని శబ్దాన్ని అచ్చువేసేవారు. ఫిల్ము మీద విడివిడిగా ఉంటేనే హాలులో కలిసి వినిపించేది.

ఇక సంగీతం కూర్చేవాని సంగతి. 1928లో అమెరికాలో వాల్ట్ డిస్నీ తన మిక్కీ ఎలుక బొమ్మల చిత్రానికి సంగీతం రికార్డు చేయించినప్పుడు, తెరపై ఎగిరిపడే ఒక బంతి గుర్తును చూస్తూ నిర్వాహకుడు తాళం నడిపించాడు. తరువాత ఫిల్ముపై లెక్కప్రకారం రంధ్రాలు పొడిచి, అవి 'టిక్కు టిక్కు'మని వినిపిస్తుంటే, ఆ చప్పుడును వాద్యగాళ్ల చెవులకు అందించే పద్ధతి వచ్చింది. అదే క్లిక్ ట్రాక్. దానిలో లయను నిమిషానికి ఇన్ని దెబ్బలని కాక, దెబ్బకు ఇన్ని ఫ్రేములని చెప్పేవారు. దెబ్బకు 12 ఫ్రేములైతే నిమిషానికి 120 దెబ్బలు. 16 అయితే 90. 18 అయితే 80. 1440ని ఫ్రేముల సంఖ్యతో భాగిస్తే చాలు. చిన్నప్పుడు ఎక్కాలు వచ్చినవాడెవడైనా ఈ పని చేయగలడు.

మదరాసులో ఇదంతా మరొక తీరుగా సాగింది. అక్కడ నేపథ్యసంగీతానికి 'రీరికార్డింగ్' అని పేరు. సినిమావారి నోట 'ఆర్.ఆర్.' ఆ మాటకు హాలీవుడ్‌లో అర్థం వేరు. మాటలు, సంగీతం, చప్పుళ్లు అన్నీ కలిపి తుది మిశ్రమం చేయడాన్ని అక్కడ రీరికార్డింగ్ అంటారు. మన దక్షిణాదిలో అది నేపథ్యసంగీతం కూర్చి వాయించడానికి పేరైపోయింది. ఎరువు తెచ్చుకొన్న మాట ఇల్లు మారితే బుద్ధి మార్చుకొంటుందని నేను తరగతిలో చెప్పేవాణ్ణి; ఇది మరొక ఉదాహరణ.

ఆ హాలులో ఒక వైపు తెర. ఎదురుగా వాద్యబృందం. చిన్న సన్నివేశానికైనా పదిహేనుమంది, పెద్దదానికి యాభై, అరవైమంది. రీలు నడుస్తుంది. నిర్వాహకుని కన్ను తెరపైన, చెయ్యి గాలిలో. ఎక్కడో ఒక వయొలిన్ జారితే రీలును వెనక్కి తిప్పాలి, అందరూ మొదటి నుండి వాయించాలి. ప్రతి పునరావృత్తికీ హాలు అద్దె, కళాకారుల వేతనం, ఫిల్ము ఖర్చు. అందుచేత స్వరకర్త బొమ్మను చూసేది బహుకొద్ది సార్లు. ఇళయరాజా గారు రీలును ఒకసారి చూసి, అక్కడికక్కడే కూర్చొని స్వరలిపి రాసి బృందానికి పంచేవారని ఆయన దగ్గర వాయించినవారు చెప్పుకొనే మాట. 'సాగరసంగమం' (1983), 'రుద్రవీణ' (1988) ఆయనకు జాతీయ పురస్కారాలు తెచ్చిన తెలుగు చిత్రాలు. 'సాగరసంగమం'లో నర్తకుని అడుగుకూ మృదంగానికీ మధ్య ఎడం ఉంటే కథే నిలువదు. అది నాట్యం మీది కథ కదా.

బొమ్మను మనసులో పెట్టుకొని రాసే ఆ పద్ధతికి ఒక బలం ఉన్నది. గుర్తు పెట్టుకోదగినదే గుర్తుంటుంది. సన్నివేశంలో ఏ చూపు ముఖ్యమో, ఏ తలుపు చప్పుడు ముఖ్యమో, ఒక్కసారి చూసినవానికి అవే మిగులుతాయి. అవధాని పద్యాన్ని ధారణ చేసినట్టు.

తరువాత మాగ్నెటిక్ టేపు, వీడియో క్యాసెట్టు వచ్చాయి. వాటికి అంచుల రంధ్రాలు లేవు, అడుగుల లెక్క లేదు. అందుకని 1960ల చివర అమెరికాలో ప్రతి ఫ్రేముకూ ఒక చిరునామా రాసే పద్ధతిని కనుగొన్నారు. గంట, నిమిషం, సెకను, ఫ్రేము. దానినే టైమ్‌కోడ్ అంటారు. 1983లో వాద్యయంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే మిడి భాష, 1987లో ఆ భాషలోనే టైమ్‌కోడ్ పంపే ఏర్పాటు వచ్చాయి. 1985 నాటి అటారీ ఎస్.టి. అనే కంప్యూటరుకు మిడి ద్వారాలు పుట్టుకతోనే ఉండేవి. 1989లో జర్మనీ నుండి క్యూబేస్ దానిమీదనే మొదలయింది. ఇక స్వరకర్త తన గదిలోనే కూర్చొని, బొమ్మ మూలన అంకెలు పరుగెత్తే వీడియో క్యాసెట్టును చూస్తూ రాయవచ్చు. కాని క్యాసెట్టును వెనక్కి తిప్పిన ప్రతిసారీ యంత్రాలు ఒకదానికొకటి అందుకొనేదాకా వేచి ఉండాలి. ఆ నిరీక్షణ పోయినది బొమ్మ కూడా కంప్యూటరులోకి వచ్చాకనే. 1991 డిసెంబరులో ఆపిల్ సంస్థ క్విక్‌టైమ్ విడుదల చేసింది. అప్పటి బొమ్మ తపాలాబిళ్ల కన్నా కొంచెం పెద్దది, అంతే. అయినా ఎక్కడ నొక్కితే అక్కడికి, తక్షణం.

సరిగ్గా ఆ సంధికాలంలోనే, 1992లో, 'రోజా' వచ్చింది. ఏ.ఆర్. రెహమాన్ అంతకుముందు రమేశ్ నాయుడు, రాజ్-కోటి వంటి మన సంగీతదర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవాడే. ఇంటి ఆవరణలో పెట్టుకొన్న సొంత స్టూడియోలో, రాత్రిళ్లు, తనకు నచ్చేదాకా చెక్కుకొంటూ కూర్చొనే పద్ధతికి ఆయన వల్ల దక్షిణాదిలో గౌరవం వచ్చింది. 2000లో నుయెండో వచ్చింది. 2002లో లాజిక్ ఆపిల్ చేతికి వెళ్లింది. 2006లో రీపర్ తొలి పూర్తి రూపంలో విడుదలయింది. నా విద్యార్థి వాడేది ఆ చివరిదే. వెల తక్కువ, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుందట.

దానిలో బొమ్మ పెట్టుకొని పనిచేయడం ఎట్లా ఉంటుందో వాడు చూపించాడు. ఒక మూల వీడియో, కింద గళ్లుగళ్లుగా తాళం. గుస్సాడి కర్ర నేలకు తాకే ఫ్రేము దగ్గర ఒక గుర్తు పెడతాడు. మొదటి అడుగు నుండి ఆ గుర్తు దాకా సరిగ్గా 20 సెకన్లు. లయ నిమిషానికి 90 దెబ్బలైతే ఆ 20 సెకన్లలో 30 దెబ్బలు. ఎనిమిదక్షరాల ఆవృత్తం చొప్పున మూడు ఆవృత్తాలు పూర్తయి, ఆరు దెబ్బలు మిగులుతాయి. కర్ర ఆవృత్తం నడుమ పడుతుంది. లయను 96కు జరిపితే 32 దెబ్బలు, నిండు నాలుగు ఆవృత్తాలు. అయిదో ఆవృత్తపు ఎత్తుగడలో కర్ర నేలను తాకుతుంది. ఫిల్ము లెక్కలో చెప్పాలంటే దెబ్బకు 15 ఫ్రేములు. 90కీ 96కూ తేడా వినేవానికి తెలియదు. కర్ర తాళం తప్పితే మాత్రం పసిపిల్లవానికి కూడా తెలుస్తుంది. వాడు ఈ పనిని రెండు క్షణాలలో చేశాడు. నాకు పద్యపూరణం గుర్తుకు వచ్చింది. పాదం చివర మూడు మాత్రలు తక్కువైతే కొందరు 'ఔర', 'భళా' అని వ్యర్థపదం వేస్తారు. తెలిసినవాడు ఎత్తుగడ నుండీ నడకను కాస్త మార్చుకొస్తాడు.

మరి అంత చక్కగా కుదిరినది కలిపిన తరువాత ఎందుకు తప్పింది? మొదట నాకు 24, 25ల తగవు అనిపించింది. సినిమా సెకనుకు 24 బొమ్మలు, మన దేశపు టీవీ సెకనుకు 25. పాత సినిమాను అట్లాగే టీవీకి ఎక్కిస్తే వేగం నూటికి నాలుగు వంతులు పెరుగుతుంది. రెండున్నర గంటల చిత్రం ఆరు నిమిషాల ముందే ముగుస్తుంది, శ్రుతి అరస్వరానికి కొంచెం తక్కువగా పైకి జరుగుతుంది. టీవీలో పాత పాటకు హార్మోనియం పట్టబోయి, ఏ మెట్టూ కుదరక, నా చెవికి వార్ధక్యం వచ్చిందని దిగులుపడిన రోజులు ఉన్నాయి! అది నా చెవి దోషం కాకపోవచ్చునని ఈ వయసులో తెలిసింది.

కాని వాని చిక్కు అది కాదు. సెల్‌ఫోను కెమెరా వేగం స్థిరంగా ఉండదు. వెలుతురు తగ్గితే ఒక్కొక్క బొమ్మకు ఎక్కువ సమయం తీసుకొంటుంది. బొమ్మల సంఖ్య తగ్గుతుంది. దండారి ఆట రాత్రివేళ, మంటల వెలుగులో. సంగీతపు సాఫ్టువేరు మాత్రం బొమ్మలన్నీ సమదూరంలో ఉన్నాయని నమ్మి లెక్కవేసింది. సెకనుకు 30కి బదులు సగటున 29.9 బొమ్మలు పడినా, తొమ్మిది నిమిషాలకు 54 బొమ్మలు తక్కువ. అంటే రెండు సెకన్లకు కొంచెం లోపు. వాడు ఆ కుదించిన బొమ్మను చూసి డప్పు కూర్చాడు. అసలు వీడియో తన కాలంలో తాను నడిచింది. డప్పు ముందు పడింది. మందు సులువే. వీడియోను ముందుగా స్థిరవేగానికి మార్చి, ఆ ప్రతినే సాఫ్టువేరులో పెట్టుకొని, తుది కూర్పులోనూ ఆ ప్రతినే వాడాలి. ఒక ఉచిత సాఫ్టువేరుతో అరగంటలో మార్చుకొన్నాడు. మూకీల కాలంలో చేతితో తిప్పే కెమెరా పెట్టిన తంటాయే తిరిగి మన జేబులోకి వచ్చింది.

అయితే డప్పు ముందు పడితేనే అంత బాధ ఎందుకు? కొంచెం వెనుక పడితే మనం పట్టించుకోము. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. సెకనులో 24వ వంతు కాలంలో దాదాపు 14 మీటర్లు. దండారి ఆటస్థలంలో వాద్యగానికి 28 మీటర్ల దూరాన నిలబడినవానికి దెబ్బ రెండు ఫ్రేములు ఆలస్యంగానే వినబడుతుంది. పొచ్చెర జలపాతం అవతలి ఒడ్డున ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే చూడండి: బట్ట మళ్లీ పైకి లేచాక చప్పుడు వస్తుంది. మెరుపు తరువాతనే ఉరుము. పుట్టినది మొదలు మన చెవి ఆలస్యానికి అలవాటుపడి ఉన్నది. దెబ్బకు ముందే చప్పుడు రావడం మాత్రం ప్రకృతిలో ఎక్కడా చూడలేదు, అందుకే సహించదు.

వేగం చక్కబడ్డాక మరొక తగవు మొదలయింది. ఇది వానికీ నాకూ మధ్య. వాడు వాడిన డప్పు మా అడవి డప్పు కాదు. కంప్యూటరులో దొరికే జపాను తైకో ధ్వని. 'అన్ని సినిమాలల్ల గట్లనే ఉంటది సార్, బరువుగ ఇనిపిస్తది' అన్నాడు. నిజమే. తెరపై అడవి కనబడితే చాలు, ఏ దేశపు అడవి అయినా అదే మోత. తుడుం, పర్ర, గుమేల, సన్నాయి వంటి పెప్రె, వీటి ధ్వనులు వాని పెట్టెలో లేవు; వెదికినా దొరకలేదట. ఇంకొక కారణమూ ఉన్నది. ఎడిటింగు చేసేటప్పుడే ఎవరిదో పేరున్న సంగీతాన్ని తాత్కాలికంగా బొమ్మ కింద పెట్టుకొంటారు. నెల రోజులు అదే విన్న చెవికి మరొకటి రుచించదు. స్వరకర్తకు బొమ్మ ఎన్నిసార్లైనా చూసే సౌకర్యం వచ్చిందని సంతోషించామా, ఆ బొమ్మ ఇప్పుడు ఖాళీగా రావడం లేదు.

పాట వేరు, నేపథ్యం వేరు. పాట ముందు పుడుతుంది, దానిని మోగిస్తూ ఆట చిత్రిస్తారు. అక్కడ కాలు డప్పును అనుసరిస్తుంది. నేపథ్యంలో డప్పు కాలును అనుసరించాలి. మన ప్రభుత్వం ఈ తేడాను గుర్తించి 2009 చిత్రాల నుండి రెండింటికీ వేరువేరుగా జాతీయ పురస్కారాలు ఇస్తున్నది. 2022లో విడుదలయిన 'ఆర్.ఆర్.ఆర్.'లో మా కొమరం భీము పేరు ప్రపంచమంతా వినబడింది. దానిలోని 'నాటు నాటు' పాట 2023లో ఆస్కారు తెచ్చింది, అదే చిత్రపు నేపథ్యసంగీతానికి కీరవాణి గారికి జాతీయ పురస్కారం వచ్చింది. జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన వీరుని కథకు అంత గొప్ప మోత దక్కినందుకు ఆదిలాబాదువాణ్ణి కనుక నేనూ మురిసిపోయాను. అయినా పెప్రె ఊదే ప్రధాన్‌ల గాలి ఆ మోతలో వినబడలేదే అన్న కొరత నాకు తీరలేదు. ఇది విమర్శ కాదు, ఆశ.

ఆ ఆశకు ఆధారమూ కనిపించింది. 2023లో వచ్చిన 'బలగం' పతాకసన్నివేశంలో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే హాళ్లలో జనం వెక్కివెక్కి ఏడ్చారు. (2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు.) అక్కడ పాడేవారు బొమ్మలోనే ఉన్నారు, ఏ గళ్లలోనో బిగించిన లయ కాదు వారిది. ఎదుట ఉన్నవారి దుఃఖాన్ని చూస్తూ సాగదీస్తారు, తగ్గిస్తారు. తోలుబొమ్మలవాని పద్ధతి.

ఈ మార్పులో నష్టపోయినవారిని చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. యాభైమంది కూర్చొనే చోట ఒక్కడు కూర్చొంటున్నాడు. వయొలిన్లు, తబలాలు, షెహనాయిలు పట్టుకొని రోజూ స్టూడియోకు వెళ్లి బతికిన కుటుంబాలు ఎన్నో ఆ పని పోగొట్టుకొన్నాయి. మరోవైపు, ఆ రోజులలో బోథ్ కుర్రవానికి ఆ హాలు గుమ్మం దాటే దారే లేదు. లంబాడిపల్లి వంటి పల్లె నుండి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' లక్షలమందికి చేరిందంటే ఈ పరికరాల వల్లనే. రెండూ నిజాలే. త్రాసులో ఏది బరువో తేల్చే శక్తి నాకు లేదు.

గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకొన్న మార్లవాయి కనకరాజు గారు 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. ఆ మాట ఎత్తి, 'ఆయన ఉంటే నీ తైకోను విని ఏమనేవారురా?' అన్నాను. వాడు మాట్లాడలేదు. రెండు వారాల తరువాత గూడేనికి వెళ్లి, పెద్దల అనుమతి అడిగి, తుడుం, పర్ర వాయించి రికార్డు చేసుకొని వచ్చాడు. వాయించేవారి ఎదుట సెల్‌ఫోనులో తన చిత్రాన్నే పెట్టాడట. వారు గుస్సాడి పాదం చూస్తూ వాయించారు, చెవిలో ఏ టిక్కుటిక్కూ లేకుండా.

కాని మైకును బాగా ఎడంగా పెట్టినట్టున్నాడు. కర్ర నేలను తాకే చోట తుడుం రెండు ఫ్రేములు వెనుకబడి వినిపిస్తున్నది. 'జరపాల్నా సార్?' అని అడిగాడు. వద్దన్నాను. పెప్రె మాత్రం గాలిహోరులో కలిసిపోయింది. దానికోసం వచ్చే దండారికి మళ్లీ వెళ్లాలి. ఈసారి నన్నూ తీసుకుపోతానన్నాడు.